రోడ్రిగ్స్ దారిలో మజిలీ

మారిషస్‌కు తూర్పున సుమారు 560 కిలోమీటర్ల దూరంలో రోడ్రిగ్స్ అనే చిన్న దీవి ఉంది. దాని వైశాల్యం 108 చదరపు కిలోమీటర్లు. రాజకీయంగా అది మారిషస్ దేశంలో భాగమే అయినా, 2002 నుంచి దానికి సొంత ప్రాంతీయ సభ ఉంది. ఆ దీవికి వెళ్లాలన్న కోరిక నాది. దారిలో ఎక్కడ ఆగాలి, ఎన్ని రాత్రులు ఆగాలి అన్న పట్టింపు మా ఆవిడది. ప్రయాణం ముగిశాక చూసుకుంటే నా కోరికకన్నా ఆమె పట్టింపే మమ్మల్ని ఎక్కువ కాపాడింది కాబట్టి, ఈ వ్యాసంలో దీవికన్నా దారికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

హైదరాబాదులో మేము సంప్రదించిన ట్రావెల్ ఏజెంటు మొదట వేసి ఇచ్చిన ప్రణాళిక చూడటానికి ముచ్చటగా ఉంది. ముంబయి నుంచి మారిషస్‌కు సుమారు ఆరు గంటల ప్రయాణం, అక్కడ మూడు గంటల విరామం, ఆపైన మరో గంటన్నర ఎగిరితే రోడ్రిగ్స్. ఒక్క రాత్రి కూడా దారిలో ఖర్చు కాదన్నది ఆయన వాదన. అయితే ఆ రెండు టికెట్లూ వేర్వేరుగా కొన్నవన్న సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. టికెట్లు వేరైనప్పుడు మారిషస్‌లో దిగి, ఇమిగ్రేషన్ వరుసలో నిలబడి, పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ దేశీయ ప్రయాణికుడిలా మొదటి నుంచి చెకిన్ చేసుకోవాలి. ముంబయి విమానం రెండు గంటలు ఆలస్యమైతే రెండో టికెట్టు డబ్బు పోయినట్టే, దానికి ఎవరూ బాధ్యత వహించరు.

"ఏమండీ, పెళ్లికి వెళ్లేటప్పుడు కూడా ముహూర్తానికి అరగంట ముందు బస్సు దిగేలా బయలుదేరతామా?" అని మా ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నతో ఏజెంటుగారి ప్రణాళిక కొట్టుకుపోయింది.

భోజనాల బల్ల మీద ఒక తెల్ల కాగితం పరిచి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి విమానాల వేళలతో కాక సంతల రోజులతో మొదలుపెట్టడం మేము చేసిన మంచి పని. రోడ్రిగ్స్ ముఖ్య పట్టణమైన పోర్ట్ మాథురిన్‌లో పెద్ద సంత శనివారం జరుగుతుంది, తెల్లవారకముందే మొదలై ఉదయం పది గంటలకల్లా దాదాపు సద్దుమణుగుతుంది. మారిషస్ విమానాశ్రయానికి దగ్గరలో ఉన్న మాహెబూర్ అనే ఊళ్లో సంత సోమవారం. ఈ రెండింటినీ మేకుల్లా దిగగొట్టి, మిగతా రోజులను వాటి మధ్య తాడులా కట్టాం. ఆదివారం మారిషస్‌లో దిగడం, మూడు రాత్రులు అక్కడ ఉండటం, బుధవారం రోడ్రిగ్స్‌కు ఎగరడం, నాలుగు రాత్రుల తరువాత ఆదివారం తిరిగి రావడం, మంగళవారం ఇంటిముఖం పట్టడం అన్నది చివరికి తేలిన లెక్క. తిరుగు దారిలో రెండు రాత్రులు దండగని నేను చాలాసేపు వాదించాను. చిన్న దీవి నుంచి చిన్న విమానంలో వచ్చే మనిషికి వెనక ఒక రోజు ఖాళీ ఉండాలని ఆమె పట్టుబట్టింది. తుపాన్ల కాలం నవంబరు నుంచి మొదలవుతుంది, మేము వెళ్లింది సెప్టెంబరులో కదా అన్నాను. తుపాను లేకపోయినా గాలి ఉంటుందిగా అంది.

ఎక్కడ బస చేయాలన్నది తరువాతి చర్చ. మారిషస్ అనగానే అందరూ ఉత్తరాన గ్రాండ్ బే వైపు, లేదా రాజధాని పోర్ట్ లూయిస్ వైపు చూస్తారు. విమానాశ్రయం మాత్రం ఆగ్నేయ మూలన ఉంది, అక్కడి నుంచి పోర్ట్ లూయిస్ 45 కిలోమీటర్లకు పైమాటే. మాహెబూర్ అయితే టాక్సీలో పావుగంట. పైగా వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అదే అతిథిగృహంలో దిగితే పెద్ద పెట్టెను అక్కడే వదిలి వెళ్లవచ్చు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, రోడ్రిగ్స్‌కు ఎగిరే ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానంలో మా టికెట్టుకు అనుమతించిన సామాను అంతర్జాతీయ టికెట్టుకన్నా బాగా తక్కువ. మజిలీని ఒకే ఊళ్లో రెండు వైపులా వేసుకోవడం వల్ల మేము చెరొక సంచితో దీవికి వెళ్లగలిగాం.

భారతీయులకు మారిషస్‌కు పర్యాటకులుగా వెళ్లడానికి ముందస్తు వీసా అక్కరలేదు. తిరుగు టికెట్టు, బస చేసే చోటి చిరునామా చూపించగలగాలి. మలేరియా ఉన్న దేశాల నుంచి వచ్చే వారిపై అక్కడి ఆరోగ్య శాఖ నిఘా ఉంచుతుంది. ఆ దీవి మలేరియాను ఎంతో శ్రమపడి వదిలించుకుంది కాబట్టి ఈ జాగ్రత్తను నేను తప్పు పట్టను. అనుమతి లేకుండా మొక్కలు తీసుకురాకూడదన్న నిబంధన కూడా ఉంది, అందువల్ల మా ఆవిడ సంచిలో సర్దిన పచ్చి కరివేపాకు రెబ్బలు బయలుదేరే రోజున మా పొరుగింటి వారికి దక్కాయి.

మాహెబూర్ సముద్రం ఒడ్డున ఉన్న పాత ఊరు. ఫ్రెంచివారి కాలంలో 1804లో దానిని నిర్మించారు. ఎదురుగా విశాలమైన అఖాతం, ఆవల సింహం పడుకున్నట్టున్న కొండ. 1810 ఆగస్టులో ఈ నీళ్లలోనే ఫ్రెంచి నౌకలు బ్రిటిషు నౌకలను ఓడించాయి. ఆ గెలుపు పేరు పారిస్‌లోని విజయ తోరణం మీద చెక్కి ఉంది గాని, అదే ఏడాది చివరికి దీవి మొత్తం బ్రిటిషువారి చేతికి పోయింది. ఆ మార్పు రాకపోతే మన తీరం నుంచి అన్ని వేలమంది కూలీలు ఇక్కడికి వచ్చేవారో కాదో.

సోమవారం సంతలో మేము ఎక్కువసేపు నిలబడింది ఒక ధాల్ పూరీ బండి దగ్గర. గాజు పెట్టెలో పలచని పసుపురంగు రొట్టెలు గుడ్డ కింద దొంతరగా ఉన్నాయి. అమ్మే మనిషి రెండింటిని ఒకదాని మీద ఒకటి అరచేతిలో పరిచి, ఒక గరిటెడు చిక్కుడు గింజల కూర, చెంచాడు రుగాయ్ అనే టమాటా కూర, కాస్త కొత్తిమీర పచ్చడి వేసి, "పిమాఁ?" అని అడిగాడు. మిరపకాయ కావాలా అని అర్థం. మేము తల ఊపగానే నూరిన పచ్చిమిర్చి రాసి, చుట్టచుట్టి, కాగితంలో పెట్టి చేతికిచ్చాడు. అక్కడ ఎవరూ ఒకటి అడగరు. "ఎన్ పేర్" అంటారు, అంటే ఒక జత. రొట్టె పొరల మధ్య ఉడికించి పొడి చేసిన పప్పు ఉంది, అది నోట్లో ఇసుకలా రాలకుండా మెత్తగా కరిగిపోయింది. "ఇది బెల్లం వేయడం మరిచిపోయిన బొబ్బట్టండీ" అని మా ఆవిడ తీర్పు చెప్పి, రెండో జత కొనమంది.

పక్కన కూరగాయలు అమ్ముతున్న పెద్దాయన మా మాటలు విని ఏ దేశమని అడిగాడు. మాది కాకినాడ అన్నాం. ఆయనకు అర్థం కాలేదు. కోరంగి పక్కన అనగానే ముఖం వెలిగింది. మారిషస్‌లో తెలుగువారిని ఒకప్పుడు కోరింగీలని పిలిచేవారు, మా ఊరికి కూతవేటు దూరంలో ఉన్న ఆ పాత రేవు పేరే వారి జాతి పేరైంది. ఆయనకు తెలుగు మాట్లాడటం రాదు. అయినా తన ఛాతీ మీద చెయ్యి వేసుకుని, ఇంట్లో ఏటా చేసే పండుగ గురించి అక్కడివారి వాడుక భాష క్రియోల్‌లో చెబుతుండగా, మధ్యలో "అమ్మోరు" అన్న మాట ఒక్కటి, మా అమ్మమ్మ పలికినట్టే, శుభ్రంగా వినిపించింది. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు దినమన్న సంగతి నాకు ముందే తెలుసు గాని, ఆ ఒక్క మాట ఇచ్చిన సంతోషం ఆ సమాచారం ఇవ్వలేదు.

మంగళవారం బస్సులో పోర్ట్ లూయిస్ వెళ్లాం. చెరకు తోటల మధ్యగా, కొండ ఊళ్ల మీదుగా గంటన్నర పైగా పట్టింది. చూడదలచింది ఒక్కటే, ఆప్రవాసీ ఘాట్. 1834 నుంచి 1920 వరకు ఒప్పందపు కూలీలుగా వచ్చిన దాదాపు అయిదు లక్షల మంది ఈ దేశపు ముఖద్వారం గుండానే నడిచారు. 1849లో కట్టిన వలస డిపోలో ఇప్పుడు మిగిలినవి కొన్ని గోడలు, కొన్ని గదులు, పదహారు నల్లరాతి మెట్లు. 2006లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1843లో కోరంగి రేవు నుంచి "కోరింగ పాకెట్" అనే ఓడ మన వాళ్లతో ఇటు వచ్చిందని చరిత్రలో ఉంది. మెట్లు ఎక్కడానికి ఒక నిమిషం కూడా పట్టదు. వాటి అంచులు నడుమ అరిగి, చివర్లలో పదునుగా ఉన్నాయి. పక్కనే ఉన్న రహదారి మీద కార్ల రొద ఆగకుండా వినిపిస్తోంది. ఆదివారం దిగిన వాళ్లం ఆ రోజే ఇక్కడికి పరుగెత్తి ఉంటే మూసిన తలుపులు చూసి వెనక్కి రావలసి వచ్చేది.

మజిలీల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. దక్షిణాఫ్రికా నుంచి స్వదేశానికి వస్తున్న గాంధీగారు ప్రయాణిస్తున్న "నౌషేరా" ఓడ 1901 అక్టోబరు చివరలో ఇక్కడ ఆగింది. దానివల్ల ఆయన సుమారు మూడు వారాలు ఈ దీవిలో ఉండి, భారతీయ కూలీల పరిస్థితి చూశారు. ఆయన మజిలీ ఆయన ఎంచుకున్నది కాదు.

బుధవారం ఉదయం ఏటీఆర్ ఎక్కాం. గంటన్నర పాటు కింద నీలం తప్ప ఏమీ లేదు. చివరికి దూరాన తెల్లని నురుగు గీత ఒకటి వలయంగా కనిపించింది. అది పగడపు దిబ్బ. దాని లోపలి లోతులేని ఉప్పునీటి మడుగు నేల వైశాల్యానికి దాదాపు రెండింతలు ఉంటుంది కాబట్టి, పైనుంచి చూస్తే ఆకుపచ్చ పళ్లెంలో పెట్టిన చిన్న అప్పచ్చిలా దీవి ఉంటుంది. 1883 ఆగస్టు 27న ఇండొనేషియాలో క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు ఆ శబ్దం 4,800 కిలోమీటర్ల దూరంలోని ఈ దీవికి వినిపించిందని, ఫిరంగులు పేలుతున్నాయని అక్కడి పోలీసు అధికారి నమోదు చేశాడని చదివాను. నాలుగు గంటల్లో, దారిలో మజిలీ వేయకుండా వచ్చిన ప్రయాణికుడు ఆ శబ్దం ఒక్కటే అయి ఉండాలి.

దీవి మీద గడిపిన నాలుగు రోజుల గురించి విడిగా రాయాలి. ఇక్కడ ప్రణాళికకు సంబంధించిన ఒక పొరపాటు మాత్రం ఒప్పుకుంటాను. రోడ్రిగ్స్‌లో ఒడ్డున తాళ్ల మీద ఆరవేసిన ఆక్టోపస్‌లు ప్రసిద్ధి. వాటి సంతతి పెరగడానికి 2012 నుంచి ఏటా ఆగస్టు, అక్టోబరుల మధ్య వేట ఆపేస్తున్నారు. మేము సరిగ్గా ఆ నడుమ వెళ్లాం. శనివారం సంతలో సీసాల్లో ఊరిన చిన్న మిరపకాయలు, నిమ్మకాయలు, తేనె, మొగలి జాతి చెట్టు ఆకులతో అల్లిన బుట్టలు అన్నీ దొరికాయి. తాళ్లు మాత్రం ఖాళీగా ఊగుతున్నాయి. సంతల రోజులు చూసుకున్న నేను వేట నెలలు చూసుకోలేదు.

ఆదివారం ఉదయం నుంచి గాలి మొదలైంది. మధ్యాహ్నానికి మబ్బు కొండల మీదకు దిగింది. మా విమానం మొదట ఆలస్యమై, సాయంత్రానికి రద్దయింది. విమానాశ్రయంలో ఒక యూరోపియన్ జంట ఆ రాత్రే మారిషస్ నుంచి తమ దేశానికి ఎగరవలసి ఉంది. ఆయన ఫోన్‌లో పదేపదే ఏవో నంబర్లు నొక్కుతున్నాడు, ఆమె సంచి మీద కూర్చుని నేల చూస్తోంది. మా ఆవిడ నా వైపు చూసింది గాని, ఏమీ అనలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మౌనం ఖరీదెంతో నాకు తెలుసు.

సోమవారం మధ్యాహ్నం గాలి తగ్గాక మమ్మల్ని ఎక్కించారు. మాహెబూర్ చేరేసరికి నాలుగు దాటింది. అతిథిగృహం ఇల్లాలు మా పెద్ద పెట్టెను వాన జల్లు తగలకుండా ఒక స్టూలు మీద పెట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంచింది. సంచులు అక్కడే పడేసి సంతకు పరుగెత్తాం. గుడారాలు విప్పుతున్నారు. కూరగాయల పెద్దాయన ఎప్పుడో వెళ్లిపోయాడు. ధాల్ పూరీ మనిషి ఖాళీ గాజు పెట్టెను గుడ్డతో తుడుస్తూ మమ్మల్ని గుర్తుపట్టి, రెండు చేతులూ తిప్పి చూపించాడు. మా ఆవిడ మర్నాటి విమానం ఎన్ని గంటలకని మరోసారి అడిగింది.