58 దగ్గర ఆ గీత

రాత్రి శ్రీకాకుళంలో కరెంటు పోయింది. డాబా మీద ఫోన్ వెలుతురులో మా మేనకోడలికి 2-హెక్సనోన్ అనే కీటోన్ మాస్ స్పెక్ట్రమ్ చెబుతున్నాను; అణువు ముక్కలైతే ఒక్కో ముక్క బరువు దగ్గర ఒక్కో గీత పడే పటం అది. "అణువు బరువు 100లో 57 ఊడితే 43, సరే. మరి 58 ఎలాగొచ్చింది మావయ్యా?" అంది.

ఎమ్మెస్సీలో నేను ఆ 58ని బట్టీ పట్టానే గానీ ఇలా అడగలేదు. తువ్వాలు కొస వంచి చూపించాను: అయాన్ తోక ఇలాగే వంగుతుంది, గామా కార్బన్ (C=O కార్బన్ నుంచి మూడోది) మీది హైడ్రోజన్ ఆక్సిజన్‌ని చేరుతుంది, ఆరు పరమాణువుల వలయంలా. బంధం తెగి 42 బరువున్న ప్రొపీన్ వెళ్లిపోతుంది, 58 మిగులుతుంది. మెక్‌లాఫర్టీ పునర్విన్యాసం అంటే ఇదే. నైట్రోజన్ లేని అణువులో సరిసంఖ్య దగ్గర పెద్ద గీత కనిపిస్తే ముందు దీన్నే వెతకమన్నాను.

గుంట కాసేపు ఆలోచించి, "అయితే 2-పెంటనోన్‌కీ 58 రావాలి, 86లోంచి ఇథిలీన్ 28 పోయి" అంది. కరెంటు వచ్చినా ఇద్దరం కిందికి దిగలేదు.