కుంగుబాటులో గొంతుకు ఏమవుతుంది?

డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధించే నాకు గొంతే పనిముట్టు. కొన్నేళ్ల క్రితం నేను కుంగుబాటుకు లోనైనప్పుడు, ఆ మార్పును నాకంటే ముందు పసిగట్టినవారు వెనుక బెంచీల పిల్లలు. "సార్, వినబడట్లేదు" అని మొదట మొహమాటంగా, తరువాత విసుగ్గా అనేవారు. అక్క ఫోనులో "ఏరా, జలుబు చేసిందా?" అని అడిగేది. చెవి, ముక్కు, గొంతు వైద్యుని దగ్గరికి వెళితే ఆయన స్వరపేటికను పరీక్షించి, స్వరతంత్రులలో ఏ లోపమూ లేదని చెప్పి, నిద్ర సరిగా పడుతోందా అని అడిగి, మానసిక వైద్యుని కలవమన్నారు.

ఊపిరితిత్తుల నుంచి పైకి వచ్చే గాలి స్వరతంత్రులను కంపింపజేయడం వల్ల స్వరం పుడుతుంది. మాట్లాడేటప్పుడు ఈ కంపనాలు పురుషులలో సాధారణంగా సెకనుకు 100 నుంచి 120 వరకు, స్త్రీలలో సుమారు 200 ఉంటాయి. అయితే ఆ సంఖ్య ఒకచోట నిలవదు. ప్రశ్నించినప్పుడు, మురిసినప్పుడు, కోప్పడినప్పుడు పైకీ కిందికీ పోతుంది. కుంగుబాటులో చాలామందికి ఆలోచన, కదలిక రెండూ మందగిస్తాయి కనుక ఊపిరిని, స్వరపేటికను, నాలుకను, పెదవులను నడిపించే కండరాల పనిలోనూ ఆ మాంద్యం కనబడుతుంది. స్వరంలోని ఎత్తుపల్లాలు చదునవుతాయి, ధ్వని తగ్గుతుంది, అచ్చుల ఉచ్చారణలో స్పష్టత పలచబడుతుంది. ఇటువంటి రోగులు తగ్గు స్వరంతో, మెల్లగా, తడబడుతూ మాట్లాడతారని జర్మన్ మనోవైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలోనే వర్ణించాడు. కుంగుబాటు తీవ్రతను కొలవడానికి 1960లో మనోవైద్యుడు మాక్స్ హామిల్టన్ రూపొందించిన కొలమానంలోనూ, అందుకే నేడు ఆసుపత్రులలో వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నపత్రంలోనూ మాట నెమ్మదించడం గురించిన ప్రస్తావన ఉంది.

వీటన్నిటిలో ఎదుటివారిని ఎక్కువగా నొప్పించేది మాటల మధ్య వచ్చే మౌనమేనని నా అనుభవం. ప్లాసీ యుద్ధం ఎప్పుడు జరిగిందని ఒక విద్యార్థి అడిగితే జవాబు నాకు తెలుసు. 1757 అన్న మాటను నోటిదాకా తెచ్చుకోవడానికే సమయం పట్టేది. ఇంట్లో "భోంచేశావా?" అన్నంత చిన్న ప్రశ్నకూ అంతే. ఆ విరామాన్ని విన్నవారు దానిని అయిష్టమనో, పొగరనో, అలకనో అర్థం చేసుకుని, జవాబు వచ్చేలోపే మరో ప్రశ్న వేస్తారు. దాంతో మొదటి జవాబు కూడా లోపలే ఆగిపోయి, మనిషి "ఊఁ" కొట్టడంతో సరిపెట్టుకుంటాడు. "కాస్త హుషారుగా మాట్లాడవచ్చు కదా" అన్న సలహా ఎంత ప్రేమతో ఇచ్చినా, జ్వరంతో ఉన్నవాడిని చెమట పట్టించుకోమన్నట్టే ఉంటుంది.

ఇందుకు భిన్నమైనవారూ ఉంటారు. కొందరు ఆందోళనతో గబగబా మాట్లాడతారు. మరికొందరు కార్యాలయంలో అందరితో నవ్వుతూ మాట్లాడి ఇంటికి వచ్చాక నోరు మెదపరు. గొంతు బాగుంది కాబట్టి మనిషి బాగున్నాడని అనుకోవడానికి వీల్లేదు. గొంతు నీరసించిన ప్రతివారికీ కుంగుబాటు ఉందనీ చెప్పలేము. థైరాయిడ్ గ్రంథి మందగించినా, పార్కిన్సన్స్ వ్యాధి వచ్చినా ఇటువంటి మార్పులే వస్తాయి, కొన్ని మందుల వల్ల నోరెండిపోయి మాట తడబడుతుంది.

గొంతును కంప్యూటరుతో విశ్లేషించి కుంగుబాటును పట్టుకోవాలన్న పరిశోధనలు చాలా జరుగుతున్నాయి. 2007లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో 35 మంది రోగుల గొంతులను ఆరు వారాలపాటు ఫోను ద్వారా నమోదు చేయగా, చికిత్సతో కోలుకున్నవారిలో విరామాలు తగ్గి, వేగమూ స్వరంలోని హెచ్చుతగ్గులూ పెరిగాయి. ఇది విలువైన సంగతే గాని, ఇంగ్లీషు మాటలపై తయారైన పద్ధతులను తెలుగుకు యథాతథంగా అతికించడం నాకు నచ్చదు. కుంగుబాటులో ఉన్నవారు తమను సూచించే సర్వనామాలను ఎక్కువగా వాడతారని ఇంగ్లీషులో లెక్కగట్టారు. తెలుగులో "వెళ్లలేను, తినలేను" అంటే చాలు, కర్త క్రియలోనే ఇమిడి ఉంటాడు. పైగా శ్రీకాకుళం యాసకూ చిత్తూరు యాసకూ రాగమే వేరు. అందువల్ల ఒకరి గొంతును పోల్చవలసింది లోకంలోని సగటుతో కాదు, అదే మనిషి మునుపటి గొంతుతోనే.

మా అక్క సరిగ్గా ఆ పనే చేసింది. వైద్యుని ముందు కూర్చున్న రోగి సాధారణంగా "బాగానే ఉన్నాను" అంటాడు, నేనూ అలాగే అన్నాను. అప్పుడామె తన ఫోనులో దాచుకున్న నా పాత వాయిస్ మెసేజ్‌ను ఆయనకు వినిపించి, వీడు మామూలుగా ఇలా మాట్లాడతాడండీ అంది. ఆ తరువాత ఆయన అడిగిన ప్రశ్నలు మారిపోయాయి. మీ ఇంట్లో ఎవరి మాటైనా ఇలా మారిందనిపిస్తే అటువంటి రికార్డింగును వెంట తీసుకువెళ్లండి. వెంటనే వైద్యుని దగ్గరికి వెళ్లలేనివారు 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవకు, 14416 నంబరుకు ఫోను చేసి, తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. రోగికి మాట పెగలకపోతే ఇంట్లోవారే ఫోను చేయవచ్చు.