ప్రాణమంతా జంప్‌లోనే

ఈ మధ్య రాత్రిళ్లు మళ్లీ సెలెస్ట్ ఆడుతున్నాను. 2018లో వచ్చిన గేమ్, ఇప్పటికీ చేతికి అంతే హాయిగా ఉంది. ఎగురుతూ దూకుతూ ముందుకెళ్లే టూడీ ప్లాట్‌ఫార్మర్ గేమ్‌లో ముందు చూడాల్సింది జంప్ అని నా గట్టి నమ్మకం. అది కుదరకపోతే గ్రాఫిక్స్ ఎంత బాగున్నా దండగే.

సెలెస్ట్‌లో మనం ఆడించే అమ్మాయి మాడెలిన్ అంచు దాటి గాలిలోకి వచ్చేశాక కూడా రెప్పపాటు సేపు జంప్ పనిచేస్తుంది. దీన్ని కయోటీ టైమ్ అంటారు. నేల తాకకముందే తొందరపడి బటన్ నొక్కినా గేమ్ గుర్తుపెట్టుకుని, కాలు ఆనగానే ఎగిరిస్తుంది. ఎగిరేటప్పుడు తల మూలకి తగిలితే కొంచెం పక్కకి జరిపి పోనిస్తుంది. ఇవేవీ ఆడేవాళ్లకి తెలియవు, భలే కొట్టాం అనిపిస్తుందంతే! ఒక్క ఊపున దూసుకెళ్లే డాష్ వాడేయగానే మాడెలిన్ ఎర్ర జుట్టు నీలంగా మారుతుంది. అందుకే డాష్ మిగిలిందో లేదో చూడ్డానికి ఏ మూలో ఉన్న మీటర్ కోసం వెతకక్కర్లేదు, చూపంతా ఆ పిల్ల మీదే. చచ్చిపోతే క్షణంలో అదే గదిలో మళ్లీ మొదలు. విసుగు రావడానికి టైమే ఉండదు.

1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొదటి లెవెల్‌లోనూ ఈ శ్రద్ధ కనిపిస్తుంది. మారియో ఎడమవైపు నిలబడి ఉంటాడు, కుడివైపంతా ఖాళీ. నాలుగడుగులు వేయగానే గూంబా అనే శత్రువు ఎదురొస్తుంది. ఎగరాలని ఎవరూ చెప్పక్కర్లేదు.

మా తమ్ముడికి ఇలాంటి గేమ్స్ అలవాటు లేదు. సెలెస్ట్‌లో ఆటని తేలిక చేసే అసిస్ట్ మోడ్ పెట్టి, స్పీడ్ తగ్గించి ఇచ్చాను. వాడిప్పుడు రెండో చాప్టర్‌లో ఉన్నాడు, కంట్రోలర్ నాకు తిరిగి ఇవ్వట్లేదు.