పంటినొప్పి అనుకుని వెళ్తే

దవడ పన్ను నొప్పని వెళ్ళాను. పుచ్చు లేదు, చిగుళ్ళ వాపూ లేదు. డాక్టరుగారు కాసేపు చూసి, "నిద్రలో పళ్ళు కొరుకుతారా?" అన్నారు. ఒంటరిగా ఉండేవాణ్ణి, నాకెలా తెలుస్తుంది? పళ్ళ అంచులు అరిగిపోయాయట. రాత్రిపూట పెట్టుకోమని ఒక తొడుగు చేయించి ఇచ్చి, "ఇది పళ్ళను కాపాడుతుందంతే, కొరకడాన్ని ఆపదు. టెన్షన్లేమైనా ఉన్నాయా?" అని అడిగారు. లేవన్నాను. నిజంగా లేవనే అనుకున్నాను.

ఆ రోజు నుంచి కనిపెట్టి చూస్తే, మెయిల్ తెరవగానే దవడ బిగుసుకుంటోంది. ఫోన్ మోగితే భుజాలు పైకి లేస్తున్నాయి. మనసు ఏమీ లేదంటోంది, ఒళ్ళు ఒప్పుకోవడం లేదు.

ముందు ధ్యానం మొదలుపెట్టాను. కళ్ళు మూసుకోవడమే తడవు, పగలంతా పక్కకు నెట్టిన ఆలోచనలన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి. పది రోజులకే వదిలేశాను. కొందరికి బాగా పనిచేస్తుందట, నాకు మాత్రం అప్పట్లో కుదరలేదు.

కుదిరింది ఎడ్మండ్ జాకబ్సన్ పద్ధతి. ఆయన అమెరికా వైద్యుడు, 1929లోనే దీని మీద పుస్తకం వేశారు. పిడికిలి బిగించి 7, 8 సెకన్లు అలాగే ఉంచి, ఒక్కసారిగా వదిలేయాలి. తర్వాత చేతులు, భుజాలు, కాళ్ళు. బిగువు ఎలా ఉంటుందో తెలిశాకే వదలడం తెలిసింది నాకు. నొప్పి ఉంది కాబట్టి దవడను మాత్రం బిగించలేదు. పెదవులు కలిసి ఉండాలి, పళ్ళు తాకకూడదు, అంతే. పనిలో గుర్తొచ్చినప్పుడల్లా 4 లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, 6 లెక్కపెడుతూ వదిలేవాణ్ణి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది కదా, ఆ కాస్త తేడా నాకూ తెలిసేది.

సాయంత్రం కాఫీ మానేశాను. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. మానిన మొదటి 3 రోజులు తలనొప్పితో అందరి మీదా విసుక్కున్నాను. నడక కూడా పెట్టుకున్నాను, వారానికి 5 రోజులు, అరగంట చొప్పున.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది నోట్‌బుక్. దిగులు ఎప్పుడు వచ్చినా "సాయంత్రం చూద్దాం" అని ఒక ముక్క రాసి పెట్టి, ఆరున్నరకు 15 నిమిషాలు దానికే ఇచ్చేవాణ్ణి. అప్పటికి సగం దిగుళ్ళు చప్పబడిపోయేవి. ఒకటి మాత్రం రోజూ కనిపించేది: ఇద్దరి పని నేనొక్కణ్ణే చేస్తున్నాను, ఆ మాట పైవాళ్ళకు చెప్పలేదు. మూడు వారాలు అదే వాక్యం రాసి రాసి, సిగ్గేసి, వెళ్ళి చెప్పాను. ఒక రిపోర్టు వేరేవాళ్ళకు మార్చారు. ఇన్ని కసరత్తులు చేస్తే, అసలు బరువు దిగింది ఆ ఒక్క మాటతోనా అని కోపం కూడా వచ్చింది. కానీ ఆర్నెల్ల కిందటైతే ఆ మాట గొంతు దాటేది కాదు.

తొడుగు ఇంకా పెట్టుకుంటున్నాను. దాని మీద కొత్త గీతలు తక్కువే. అయినా కొన్ని రోజులు పొద్దున లేచేసరికి దవడ బరువుగా ఉంటుంది. అప్పుడు నోట్‌బుక్ తిరగేస్తే, ముందు రోజు రాయకుండా దాటేసిందేదో గుర్తొస్తుంది.