స్పితిలో వాన పడితే

స్పితి హిమాచల్‌లో, టిబెట్ సరిహద్దు పక్కనున్న లోయ. సిమ్లా నుంచి సట్లెజ్ పక్కనే పైకి పోతుంటే కిన్నౌర్ దాకా దేవదారులు, యాపిల్ తోటలు. ఖాబ్ దగ్గర స్పితి నది వచ్చి కలిసే చోటుకి చేరేసరికి గడ్డిపోచ కూడా వెతుక్కోవాల్సిందే. వానమబ్బుల్ని దక్షిణాన ఉన్న కొండల వరసలే పిండేసుకుంటాయి. ఇటు దక్కేది చలికాలపు మంచు. అది కరిగిన నీళ్లతోనే సేద్యం, తాగడం, అన్నీ.

తాబో గొంప, అంటే బౌద్ధ మఠం, బయటినుంచి చూస్తే ఏమంత గొప్పగా ఉండదు. కొండ మీద కాకుండా చదునైన నేల మీద, కిటికీల్లేని బూడిదరంగు మట్టి గోడలు. క్రీ.శ. 996లో పశ్చిమ టిబెట్‌లోని గుగే రాజు యేషే ఓద్ కట్టించాడు; సంస్కృత గ్రంథాల్ని టిబెటన్‌లోకి తెచ్చిన రిన్‌చెన్ జాంగ్పో పేరు కూడా దీనితో ముడిపడి ఉంది. లోపల చీకటి. కళ్లు అలవాటు పడ్డాక, తల ఎత్తున గోడల్లోంచి పుట్టుకొచ్చినట్టు బొమ్మలు కనిపిస్తాయి. అవీ మట్టివే. మధ్యలో నాలుగు దిక్కులకూ నాలుగు ముఖాలు పెట్టి వైరోచన బుద్ధుడు. ఫోటోలు తీయనివ్వరు, మంచిదే.

గోడల కింది భాగంలో సుధనుడి కథ గీశారు. బోధిసత్వుడు మంజుశ్రీ మాట విని, జ్ఞానం కోసం ఒకరి తర్వాత ఒకరుగా యాభైమందికి పైగా గురువుల గడప తొక్కిన కుర్రాడు. ఈ కథ ఉన్న బౌద్ధ గ్రంథం గండవ్యూహ సూత్రంలో ఆ ప్రయాణం మొదలయ్యేది దక్షిణాది ధాన్యాకరం నుంచి. అది మన అమరావతి దగ్గరి ధాన్యకటకమేనని చాలామంది పండితులు అంటారు. గుంటూరువాణ్ణి, ఇంత దూరం వచ్చి మా ఊరివాడి బొమ్మ ముందు టార్చి పట్టుకుని నిలబడ్డాను! 1996లో తాబోకి వెయ్యేళ్లు నిండినప్పుడు దలైలామా ఇక్కడ కాలచక్ర దీక్ష అనే టిబెటన్ బౌద్ధుల పెద్ద దీక్ష ఇచ్చారు. 2006లో ఆ దీక్షే మన అమరావతిలో జరిగింది. అప్పట్లో మా బస్టాండులో ఎర్రబట్టల లామాల్ని వింతగా చూసినవాళ్లలో నేనూ ఉన్నాను.

కీ, ధన్‌కర్ గొంపలు ఫోటోల్లో ఎంత బాగుంటాయో అంత బాగానూ ఉన్నాయి, అంత జనంగానూ ఉన్నాయి. ధన్‌కర్ మటుకు స్పితికి ఒకప్పటి రాజధాని. అక్కణ్ణించి పిన్ నది వచ్చి స్పితిలో కలవడం చూడకుండా రావద్దు.

నా మనసు పట్టుకున్నది లాంగ్జా అనే ఊరు. ఎత్తు దాదాపు 4,400 మీటర్లు. మెట్లెక్కితే మాట రాదు. పిల్లలు అమ్మోనైట్ శిలాజాలు, అంటే రాయిగా మారిన పాతకాలపు సముద్రజీవుల గుల్లలు, అరచేతిలో పెట్టుకుని వస్తారు. గండకీ నదిలో దొరికే సాలగ్రామమూ ఇదే జాతి. ఒకప్పటి టెథిస్ సముద్రం అడుగు ఇలా కొండలై లేచింది. నేను కొనలేదు, కొండవి కొండమీదే ఉండాలని నా లెక్క.

నేను దిగిన ఇంటి దీదీ బఠాణీ చేలో మడవ తిప్పుతూ కనిపించింది. మంచునీటి కాలువకు ఇళ్లవారీగా వంతులున్నాయి, వంతు తప్పితే ఆ చేను ఎండినట్టే. ఒకప్పుడు బార్లీ, నల్ల బఠాణీ తినడానికే వేసేవారు; ఇప్పుడు పచ్చి బఠాణీ లారీలెక్కి దిగువ మార్కెట్లకు పోతోంది. ఉన్న కాస్త పొలాన్ని పంచితే ఎవరికీ మిగలదని పెద్దకొడుక్కే ఇచ్చి, చిన్నవాళ్లలో కొందర్ని గొంపకు పంపే ఆచారం ఇక్కడిది. గొంపల నిండా పిల్ల లామాలు ఎందుకో పొలం చూశాకే నాకర్థమైంది. మరుగుదొడ్డి మేడమీద, నేలలో కంత, పక్కన మట్టి గుట్ట, పార. కింద పోగైన ఎరువు వసంతంలో చేలోకి పోతుంది. మొదట ముక్కు మూసుకున్నా, వాసన నిజంగానే రాలేదు.

ఆ రాత్రి వాన పట్టుకుంది. పెద్ద వానేం కాదు, మన దగ్గరైతే గొడుగు కూడా తియ్యం. దీదీ, ఆమె భర్త మాత్రం హడావుడిగా డాబా ఎక్కి టార్పాలిన్ పరిచారు. దూలాలు, వాటిమీద కొమ్మలు, పైన తొక్కిన మట్టి, అంతే కప్పు. మంచైతే పారతో తోసెయ్యొచ్చు, నీళ్లు ఇంకిపోతాయి. "మునుపు ఇట్లా పడేది కాదు భయ్యా, ఇప్పుడు ప్రతి ఏడూ పడుతోంది," అంది హిందీలో, వంటింట్లో కారే చోట గిన్నె పెడుతూ. తాబో బొమ్మలు వెయ్యేళ్లు నిలిచింది ఈ పొడి గాలి చలవే. 1975 భూకంపానికి దెబ్బతిని కూడా నిలబడ్డ మట్టి, వాన అలవాటైతే ఏమవుతుందో!

పొద్దున సత్తుపిండి, ఉప్పు టీ పెడుతూ దీదీ భర్త కప్పుకి రేకులు వేయించే లెక్క చెప్పాడు. పక్కింటివాళ్లు వేయించేశారట. రేకులైతే కారదు, కానీ చలికాలం గది వెచ్చబడదు. పైగా గడ్డి, పిడకలు ఆరబెట్టడానికి డాబా ఉండదు. దీదీకి మట్టే కావాలి. ఇంకో వరస మందంగా తొక్కిస్తే చాలంటుంది. తొక్కడానికి మనుషులెక్కడున్నారంటాడు ఆయన.