అమ్మానాన్నలతో స్విట్జర్లాండ్ వెళ్తున్నారా?
యూరప్ అనగానే మనవాళ్ళు పారిస్, రోమ్, ఆమ్‌స్టర్‌డామ్ అన్నీ ఒక్క ట్రిప్‌లోనే కుక్కేస్తారు. పెద్దవాళ్ళు వెంట ఉంటే దయచేసి అలా చేయకండి, రోజూ సూట్‌కేసులు సర్దడం, స్టేషన్లలో మెట్లెక్కడం దిగడం, వాళ్ళ ఓపికంతా దానికే అయిపోతుంది. మేమైతే ఇంటర్‌లాకెన్‌లో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుని చివరిదాకా అక్కడే ఉన్నాం. ఊరికి అటు తూన్ సరస్సు, ఇటు బ్రియెంజ్ సరస్సు, ఎటు తిరిగినా సాయంత్రానికి వచ్చి ఇంత అన్నం వండుకుని తినొచ్చు.

తిండి సంగతి ముందే చూసుకోండి. కందిపొడి, ఆవకాయ చెక్-ఇన్ బ్యాగ్‌లో పెట్టుకోవచ్చు కానీ నెయ్యి, పాలకోవా లాంటివి వద్దు, ఇండియా నుంచి పాలతో, మాంసంతో చేసినవి అక్కడికి తీసుకెళ్ళకూడదు. అమ్మ అక్కడే కూప్ అనే సూపర్‌మార్కెట్‌లో ఉప్పులేని వెన్న కొని నెయ్యి కాచింది, ఎంత బాగుందో! ఆదివారం షాపులు చాలావరకు మూసేస్తారు కాబట్టి సరుకులు శనివారమే తెచ్చేసుకోండి.

ఇక యుంగ్‌ఫ్రావ్‌యోక్. 3,454 మీటర్ల ఎత్తులో రైల్వే స్టేషన్, అదీ 1912లో కట్టింది, తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. టికెట్ చాలా ఖరీదు, పైన మబ్బు కమ్మితే తెల్లగా తప్ప ఏమీ కనిపించదు, అందుకే వాతావరణం చూడకుండా కొనేయకండి, పొద్దున్నే వెబ్‌క్యామ్ చూసి అప్పుడు బయల్దేరండి. స్విస్ ట్రావెల్ పాస్ (రైళ్ళు, బస్సులు, బోట్లు అన్నిటికీ టూరిస్టులు తీసుకునే పాస్) ఉన్నా దారిలోని గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ ఊళ్ళ వరకే ఫ్రీ, అక్కణ్ణుంచి పైకి 25 శాతం తగ్గింపు మాత్రమే. బీపీ, గుండె సమస్యలు ఉన్నవాళ్ళయితే ఇండియాలోనే డాక్టర్ని అడిగి వెళ్ళాలి, ఇది మాత్రం అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. పైన గాలి పల్చగా ఉంటుంది, నాలుగు అడుగులు గబగబా వేస్తే ఆయాసం వస్తుంది, మేం నాన్నని అక్కడక్కడా కూర్చోబెడుతూ నెమ్మదిగా తిప్పాం.

నిజం చెప్పాలంటే ఆయనకి మంచు కంటే లౌటర్‌బ్రునెన్ అనే లోయలోని ఊరు ఎక్కువ నచ్చింది. స్టౌబాక్ జలపాతం 297 మీటర్ల పైనుంచి పడుతుంటే కింద ఊళ్ళో ఎక్కడ కూర్చున్నా కనిపిస్తుంది, రూపాయి ఖర్చు లేదు, మోకాళ్ళకి పని లేదు. ఇంకోరోజు పాస్ మీదే బ్రియెంజ్ సరస్సులో బోటెక్కాం, పెద్దవాళ్ళకి నేనైతే ముందు ఇదే చెప్తాను. చలికాలంలో బోట్లు బాగా తగ్గిపోతాయి, స్విస్ రైల్వే వాళ్ళ ఎస్‌బీబీ యాప్‌లో టైమ్ చూసుకుని వెళ్ళండి.