శిథిలాలయం స్కానింగ్: చుక్కల గొడవ ఇంకా తేలలేదు

ఈ వారం కూడా చుక్కలదే పైచేయి. అచ్చులో రంగు బొమ్మలన్నీ సన్న చుక్కలతోనే ఏర్పడతాయి, స్కాన్ చేస్తే ఆ చుక్కలే అలలుగా తేలి బొమ్మని పాడుచేస్తున్నాయి. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ వరసగా స్కాన్ చేసి, ఇంట్లోనే ప్రింట్ తీసి బైండు చేసుకోవాలన్నది ప్లాను. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి ఆయన చందమామకి రాసిన పెద్ద సీరియల్స్ 12. అప్పట్లో వాటి మీద రచయిత పేరు వేసేవారు కాదు, అందుకే ఇంటి బైండింగుల అట్టల మీదైనా ఆయన పేరు పెద్దక్షరాల్లో వేస్తున్నాను. వాటిలో ఒకటైన శిథిలాలయం అక్షరాల పేజీలు బాగా వచ్చాయి. వెనక నల్ల చార్టు పెడితే అవతలి పేజీ అచ్చు కనబడటం లేదు. అంతటితో ఆ పని అయిపోయింది.

అసలు తలనొప్పి ఆ సీరియల్‌కి బొమ్మలు వేసిన చిత్రా గారి బొమ్మలతో. 300 డీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్లు) తీస్తే ఆకాశం నిండా గళ్లచీర ఆరేసినట్టు అలలు. స్కేలు పెట్టి భూతద్దంలో లెక్కపెట్టాను: నా కాపీలో సెంటీమీటరుకి 47 చుక్కలు, అంటే అంగుళానికి దాదాపు 119. 300 డీపీఐలో ఒక్కో చుక్కకి రెండున్నర పిక్సెళ్లే, అలలు రాక ఏం చేస్తాయి? కాగితాన్ని అద్దం మీద 15 డిగ్రీలు తిప్పితే ఎరుపు సర్దుకుంది, నీలం లేచింది. ఒక్కో రంగు చుక్కలు ఒక్కో కోణంలో ఉంటాయి కాబట్టి ఒకదాన్ని పట్టుకుంటే ఇంకోటి జారిపోతుంది.

సరే అని 1200కి వెళ్లాను. 7 × 9.5 అంగుళాల పేజీ 280 ఎంబీ దాటింది, లాప్‌టాప్ ఫ్యాను రోడ్డు రోలరులా మోగింది. చుక్కకి చుక్కకి మధ్య 10 పిక్సెళ్లు. బొమ్మలు దిద్దే గింప్ సాఫ్ట్‌వేర్లో గాసియన్ బ్లర్ (బొమ్మని మసకచేసి నునుపు చేసేది) 5 పెడితే ఆకాశం నున్నగా వచ్చింది కానీ కథానాయకుడు శిఖిముఖి జుట్టు, కనుబొమలు మసిబారిపోయాయి. ఎందుకా అని గీతల్ని కొలిచాను. సన్న గీతలు 7 పిక్సెళ్లు, అంటే 0.15 మిల్లీమీటరు. చుక్కల ఎడం కంటే గీతే సన్నం! చుక్కని చెరిపే బ్లర్ ఏదైనా గీతనీ చెరుపుతుంది.

దాంతో నలుపు గీతల్ని వేరే లేయరుగా తీసి, మిగతాదాన్ని బ్లర్ చేసి, గీతల్ని మళ్లీ పైన వేశాను. మొహాలు బాగా వచ్చాయి. నీడల్లో మాత్రం ఎరుపు, నీలం చుక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డచోట నలుపుగా లెక్కకొచ్చి, మిరియాల పొడి చల్లినట్టయింది. త్రెషోల్డ్ (ఎంత ముదురుంటే నలుపుగా లెక్కించాలన్న హద్దు) 70కి దించితే పొడి పోయింది, దాంతోపాటు కనురెప్పలూ పోయాయి. పైగా సెంటీమీటరుకి కుట్టు వైపు 47 చుక్కలుంటే బయటి అంచున 46 ఉన్నాయి. ఇన్నేళ్ల తేమకి కాగితం సాగి ఉండాలి. ఒకే సెట్టింగు పేజీ మొత్తానికీ పనిచేయకపోవడానికి అదే కారణమని నా అనుమానం.

స్కానర్ సంగతికొస్తే, కాగితం అద్దానికి పూర్తిగా అంటుకుంటేనే స్పష్టంగా చూసే పల్చటి సీఐఎస్ సెన్సరు రకాలు పాత పుస్తకాలకి దండగ. కుట్టు దగ్గర కాగితం కాస్త లేచినా మసకే. లెన్సుతో కాస్త ఎడంగా ఉన్నదాన్నీ చూసే సీసీడీ సెన్సరు రకమే కొనండి. నేను వాడే ఎప్సన్ వి600 బరువే కానీ ఆ లోతు పట్టుకుంటుంది. స్కానర్లో చుక్కలు చెరపడానికని ఉండే డీస్క్రీన్ బటన్ జోలికి మాత్రం పోవద్దు, అది బొమ్మని మైనపు ముద్ద చేస్తుంది.

ఈసారి గింప్‌కి తగిలించే జీమిక్ ప్లగిన్‌లో ఫూరియర్ పద్ధతి (బొమ్మలో పదేపదే వచ్చే నమూనాల్ని విడదీసి చూపేది) చూస్తాను. అందులో చుక్కలన్నీ నాలుగైదు మెరిసే బొట్టుల్లా బయటపడతాయట, వాటిని నల్లరంగుతో కప్పి వెనక్కి మార్చాలి. పేజీని మూడు నిలువు ముక్కలు చేసి విడివిడిగా చేస్తే 46, 47 తేడా కూడా తేలుతుంది. ఇది కుదిరితే ఆయన ఇంకో సీరియల్ యక్షపర్వతం మొదలుపెడతాను. ఖడ్గవర్మ, జీవదత్తుల కథ అయిన ఆ సీరియల్ సంచికల్లో రెండు తక్కువున్నాయి, ఎవరి దగ్గరైనా విడి కాపీలుంటే చెప్పండి, అట్ట లేకపోయినా పర్లేదు.